కోర్టు కోసం రాసిన ఉత్తరం

సాంతా బార్బరా, ఇలోయిలో
1984 జనవరి 22

లాన్ హుయ్,

ఇక్కడ నేను పొద్దున లేస్తున్నాను, పిండి కలుపుతున్నాను, ఏదో వండుకు తింటున్నాను. నీ సంగతీ అంతే అనుకుంటాను. మోకాళ్ళకు పంపిన మందు అందిందో లేదో నువ్వు రాయలేదు.

జనవరి కదా, మొన్న పట్నం వెళ్ళి పరదేశి కార్డు మీద ముద్ర వేయించుకొచ్చాను. అక్కడ పనిచేసే అమ్మాయి కార్డు తిప్పి చూసి, "తాతా, మా అమ్మ పుట్టకముందు నుంచీ ఇక్కడే ఉన్నావు. ఇంకా పరదేశివేనా?" అంది. నవ్వి కార్డు తీసుకున్నాను. బస్సులో వస్తున్నంతసేపూ అదే మాట చెవిలో తిరిగింది.

బీనా పోయి రెండేళ్ళు నిండాయి. ఆమెను ఇక్కడ పెళ్ళి చేసుకున్నప్పుడు నీకు దాచలేదు గనక ఇప్పుడూ రాస్తున్నాను. మాకు పిల్లలు లేరు. నేను చేసే మీసువా, అదే మన సన్న సేమ్యా, ఆరబెట్టే పెరడు ఆమె అన్న తిబోంగ్ పేరు మీద ఉంది. ఇక్కడ నేల కొనాలంటే ఈ దేశపు పౌరుడై ఉండాలి. తిబోంగ్‌కు డెబ్బై దాటాయి. "బావా, నేను పోతే నా కొడుకులు ఈ పెరడు వారం రోజులు కూడా ఉంచరు. నువ్వు ముందు మనిషివి కా. అప్పుడు నీకే రాసిస్తా" అన్నాడు. మనిషివి కా అంటే పౌరుడివి కా అని. వాడి మాటతీరే అంత.

అందుకని పోయిన వేసవిలో కోర్టులో అర్జీ పెట్టాను. మూడు వారాలు పేపర్లో వేశారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోమని. మార్చిలో వాయిదా. ఇక్కడ పుట్టినవాళ్ళు ఇద్దరు నా తరఫున ప్రమాణం చెయ్యాలి. ఒకడు రొట్టెల బట్టీ నోంగ్ తెబాన్. ఇంకొకరు రిటైరైన పంతులమ్మ. కాగితం చేతికొస్తే పాస్‌పోర్టు వస్తుంది. అప్పుడు ఊరికి వస్తాను. ముప్పై ఆరేళ్ళు ఆగావు, ఇంకొన్నాళ్ళు ఆగు.

ఈ వారమంతా ఈశాన్య గాలి. పిండిలో ఉప్పు పెంచాను. అయినా కర్రల మీద పోగులు తెగుతున్నాయి. నాన్న ఇలాంటి గాలికి ఏం చేసేవాడో గుర్తు రావడం లేదు.

బెంగ్ హియాన్


పోతావ్ గ్రామం, చిన్‌కాంగ్
1984 ఫిబ్రవరి 27

సముద్రం అవతల ఉన్న మీకు లాన్ హుయ్ రాస్తున్నది.

మందు అందింది. సగం చిన్నమామయ్యకు ఇచ్చాను. ఆయన మోకాళ్ళు నావాటికంటే పాడయ్యాయి.

గాలి రోజున మామయ్య తడి గోనెలు తడకలకు కట్టేవారట. అత్తయ్య చెబుతుండేది.

ఇక్కడ ఒక పని వచ్చిపడింది. కొండ మీదుగా రోడ్డు వేస్తున్నారు. సమాధులన్నీ పదకొండో నెల ఆఖరులోపు తీసెయ్యాలి. అత్తయ్య పోయి పదేళ్ళయింది, ఎముకలు తీసి కుండలో పెట్టే వేళ ఎలాగూ దాటిపోయింది. మీరు వస్తారని ఆపాను. కొడుకు చెయ్యాల్సిన పని కదా. మీరు రాగలిగితే మంచిది. రాలేకపోతే మీ చొక్కా ఒకటి పంపండి.

పౌరుడు అవడం అంటే ఏమిటని బడి పంతులుగారిని అడిగాను. అక్కడి మనిషి అయిపోవడం అన్నారు. మీరు ఇన్నాళ్ళూ అక్కడి మనిషే అనుకున్నాను. కాదని ఇప్పుడు తెలిసింది.

మీరు వెళ్ళిన రోజు అత్తయ్య సేమ్యా వండింది. మీ గిన్నెలో ఒక గుడ్డు వేసింది. నేను రెండోది వెయ్యబోతే చెయ్యి పట్టుకుంది. "రెండు చుట్టాలకు వేస్తారు. వీడు ఇంటివాడు. ఒకటి తిని వెళ్తే రెండోదానికోసం తిరిగొస్తాడు" అంది. మీరు చెప్పులు వేసుకుంటున్నారు, ఆ మాట విన్నారో లేదో. అప్పటికి మన పెళ్ళయి మూడు నెలలు.

వస్తున్నారో లేదో త్వరగా రాయండి. కుండ కొనాలి.

లాన్ హుయ్


సాంతా బార్బరా
1984 ఏప్రిల్ 8

లాన్ హుయ్,

రాలేను. కారణం కింద రాస్తాను. మనీలా నుంచి వెళ్తున్న మనవాళ్ళ చేతికి మూడు చొక్కాలు ఇచ్చాను. మూడూ కొత్తవే, మంచి గుడ్డ. రెండు తువ్వాళ్ళు కూడా ఉన్నాయి. చొక్కాలు ఎవరికి కావాలో నువ్వు రాయలేదు, అందుకని పెద్ద సైజువి కొన్నాను.

వాయిదా అయింది. నోంగ్ తెబాన్ బూట్లు అరువు తెచ్చుకుని వచ్చాడు. ప్రభుత్వం తరఫు వకీలు ఆయన్ని అడిగాడు.

"ఈయన ఇక్కడివాళ్ళతో కలిసిమెలిసి ఉంటాడా?"

"ఎందుకుండడండీ! ఆదివారం కోడిపందేల్లో మా అందరిలాగే ఓడిపోతాడు. మాకంటే ఒకటి ఎక్కువే ఓడతాడు."

జడ్జిగారు కూడా నవ్వారు. అంతా బాగానే పోతోంది అనుకున్నాను.

"చైనాలో ఎవరికైనా ఏమైనా పంపుతుంటాడా?"

"ఏటా పంపుతాడండి. మందులు, గుడ్డలు. ఒక ఆడమనిషికి."

"ఎవరామె?"

"నేనూ అడిగానండి. మావాళ్ళే అంటాడు, ఇంకేం చెప్పడు. వీడి నోట్లోంచి మాట రావాలంటే వీడి మీసువా ఎండినంతసేపు పడుతుంది."

ఆయన తప్పు లేదు. ప్రమాణం చేశాడు, తెలిసింది చెప్పాడు. జడ్జిగారు నవ్వు మానేసి నావైపు తిరిగారు. "ఎవరామె?" అన్నారు.

ఇద్దరు భార్యలున్నవాడికి ఇక్కడ పౌరసత్వం ఇవ్వరు. అది చట్టంలోనే ఉందని నా వకీలు మొదటి రోజే చెప్పాడు. నేను ఒక భార్య పేరే రాశాను, ఆమె పోయింది. ఇవన్నీ ఆ క్షణంలో ఆలోచించానని చెప్పను. నోటికి వచ్చింది అన్నాను. "మా అక్క అండీ" అన్నాను.

జడ్జిగారు రుజువు అడిగారు. ఆమె రాసిన ఉత్తరం ఒకటి, తర్జుమాతో సహా దాఖలు చెయ్యాలి. నీ పాత ఉత్తరాలు ఏవీ పనికిరావు. అందుకని అడుగుతున్నాను. అక్క తమ్ముడికి రాసినట్టు ఒక ఉత్తరం రాయి. పొడుగ్గా అక్కర్లేదు. చిన్ననాటి సంగతి ఒకటి రెండు ఉంటే నమ్మకంగా ఉంటుందని వకీలు అన్నాడు.

ఇంకొకటి. తీర్పు అనుకూలంగా వచ్చినా రెండేళ్ళు పరీక్ష పెడతారు. ఆ రెండేళ్ళలో ఒక్క రోజు కూడా దేశం దాటకూడదు. దాటితే అంతా పోతుంది. అమ్మ పని నీ చేతుల మీదుగానే జరగాలి.

నువ్వు నాకంటే రెండేళ్ళు చిన్న. ఉత్తరంలో పెద్దదానివి అవ్వాలి. తప్పుగా అనుకోకు.

బెంగ్ హియాన్


పోతావ్ గ్రామం
1984 మే 20

తమ్ముడు బెంగ్ హియాన్‌కు అక్క రాయునది.

నువ్వు పంపిన నీలం గుడ్డతో జాకెట్టు కుట్టించుకున్నాను. చలికాలంలో అదే వేసుకుంటున్నాను.

నిన్న వాన పడితే చెరువు గట్టు దాకా నీళ్ళొచ్చాయి. నీకు అయిదేళ్ళప్పుడు ఆ గట్టు మీదనుంచే పడ్డావు. నేను నీ జుట్టు పట్టుకుని లాగాను. అమ్మకు చెబితే కొడుతుందని ఇద్దరం గడ్డివాము వెనక కూర్చుని బట్టలు ఆరేదాకా ఇంటికి రాలేదు. నువ్వు వణుకుతూ కూడా నవ్వావు. నీకు గుర్తుండదు, చిన్నవాడివి.

నువ్వు ఓడ ఎక్కడానికి వెళ్ళిన రోజు రాతి వంతెన దాకా వచ్చాను. వంతెన దాటాక నువ్వు వెనక్కి చూడలేదు. వెనక్కి చూస్తే ప్రయాణం మంచిది కాదని అంటారు గదా, అందుకే అనుకున్నాను.

నేనెందుకు పెళ్ళి చేసుకోలేదని ఊళ్ళో కొత్తవాళ్ళు అడుగుతుంటారు. మా తమ్ముడి ఇంట్లో దీపం పెట్టే మనిషి ఉండాలి కదా అంటాను. అమ్మ మంచాన పడ్డ నాలుగేళ్ళూ రోజూ నీ పేరే. చివర్లో నన్ను చూసి నువ్వే అనుకుని, ఎప్పుడొచ్చావురా అనేది. ఇప్పుడే వచ్చానమ్మా అనేదాన్ని.

నీ గొంతు విని ముప్పై ఆరేళ్ళయింది. ఇప్పుడు గుమ్మంలో నిలబడి పిలిస్తే ఎవరో దాహానికి వచ్చారనుకుంటాను. నీ ఆరోగ్యం చూసుకో.

అక్క లాన్ హుయ్

(అదే కవరులో ఒక చీటీ)

పైది కోర్టుకు. ఇది మీకు. చొక్కాలు వచ్చాయి. అన్నీ కొత్తవి పంపారేమిటి? ఎముకలు తీసేటప్పుడు కొడుకు లేకపోతే ఆయన చొక్కా తొడుక్కుని ఇంటి మనిషి తియ్యాలి. మీ ఒంటి మీద చెమట పట్టినది కావాలి, ఉతక్కుండా. కొత్త చొక్కా అయితే ఎవరిదని అత్తయ్య అనుకోవాలి? పట్నం పోయి నాలుగు రోజులుంటే ఈ సంగతులు మరిచిపోతారని చిన్నమామయ్య నవ్వారు. నాలుగు రోజులు కాదు అన్నాను. మంచి కలం దొరకలేదు, పైది అక్కడక్కడ అలుక్కుపోయింది.


సాంతా బార్బరా
1984 ఆగస్టు 2

లాన్ హుయ్,

తీర్పు అనుకూలంగా వచ్చింది. జడ్జిగారు నీ ఉత్తరం తర్జుమా రెండుసార్లు చదివారు. "మీ అక్క బాగా రాస్తుంది" అన్నారు. ప్రభుత్వ వకీలు ఇంకేమీ అడగలేదు. తర్జుమా చేసిన ముసలాయన మన వైపువాడే. బయటికొచ్చాక నన్ను ఆపి, "ఆవిడ పెళ్ళి చేసుకోకపోవడానికి నువ్వేనా కారణం?" అన్నాడు. అవునన్నాను.

చెరువులో నేను నిజంగా పడ్డానేమో అని నాకే అనుమానం వచ్చింది. నేను అయిదేళ్ళవాడిగా ఉన్నప్పుడు నువ్వు వేరే ఊళ్ళో మూడేళ్ళ పిల్లవు.

చీటీ చదివి కాల్చేశాను. వకీలు అలా చెయ్యమన్నాడు. రెండేళ్ళు గడిచేదాకా మళ్ళీ ఎప్పుడైనా ఉత్తరాలు అడగవచ్చునట. అందుకని ఇకనుంచి అన్నీ ఆ ఉత్తరంలాగే రాయి. నేనూ జాగ్రత్తగా రాస్తాను.

నోంగ్ తెబాన్ పార్శిల్ చూసి, "ఒరే ఇన్సిక్, మాసిన చొక్కా సముద్రం దాటిస్తున్నావు, అక్కడ సబ్బు లేదా?" అన్నాడు. ఈ ఊళ్ళో చైనావాణ్ణి పిలిచే పేరు అది. ఇంతకాలం అదే పిలుపు, తిట్టుగా కూడా అనిపించదు. ఆ చొక్కా తొమ్మిది రోజులు వేసుకున్నాను. పిండి మరకలున్నాయి.

ఇంకో సంగతి. కొత్త శ్మశానంలో రాళ్ళన్నిటికీ ఫోటోలు తీసి ఇక్కడి మన వంశ సంఘానికి పంపుతున్నారట. హాల్లో గోడకు తగిలిస్తారు. కోర్టువాళ్ళు, వకీళ్ళు అక్కడికి విందులకు వస్తుంటారు. అమ్మ రాయి మీద నా పక్కన కోడలి పేరు చెక్కించవద్దు.

బెంగ్ హియాన్


పోతావ్ గ్రామం
1984 డిసెంబరు 16

తమ్ముడూ,

అమ్మ పని అయిపోయింది. పదకొండో నెల మొదటి వారంలో చేశాం. ఎండ బాగా ఉంది.

నీ చొక్కా తొడుక్కుని నేనే తీశాను. పెద్దలు ఒప్పుకున్నారు. ఏ వరుసలో ఒప్పుకున్నారో ఈ ఉత్తరంలో రాయకూడదు. పాదాల దగ్గర మొదలుపెట్టి పైకి వచ్చాను. ఒక్కొక్కటి తుడిచి కుండలో పేర్చాను, కూర్చున్నట్టుగా. ఎడమ చెయ్యి రెండు ముక్కలుగా ఉంది. మెట్ల మీద పడ్డప్పుడు విరిగిందే, సరిగా అతుక్కోలేదన్నమాట. నొప్పి అంటే నేను కొన్నాళ్ళు నమ్మలేదు.

చొక్కా ఉప్పు వాసన, పిండి వాసన వేసింది. భుజాలు నాకు బాగా వదులు. చేతులు మోచేతి దాకా మడవాల్సి వచ్చింది. ఇంత ఒళ్ళు చేశావనుకోలేదు. పాత ఫోటోలో సన్నగా ఉంటావు.

రాయి చెక్కేవాడు వసంతంలో వస్తాడు. నువ్వు రాసినట్టే చేస్తాను.

అక్క


సాంతా బార్బరా
1985 జులై 14

లాన్ హుయ్,

వానలు. పది రోజులుగా మీసువా చెయ్యడం లేదు. కర్రలు ఖాళీగా ఉన్నాయి. ఇంట్లో మాట్లాడడానికి ఎవరూ లేరు. తిబోంగ్ పక్షవాతం వచ్చి పడ్డాడు. వెళ్తే గుర్తుపట్టాడు, "మనిషివయ్యావా?" అని సైగ చేశాడు. ఇంకో ఏడాది ఉందన్నాను. ఉంటానన్నట్టు తలాడించాడు.

నీ ఉత్తరాలు ఒక పెట్టెలో, కోర్టుకు పనికొచ్చేవి ఒక పెట్టెలో పెట్టాను. మొదటి పెట్టెలో కొత్తగా ఏమీ చేరడం లేదు. ఆ చీటీ కాల్చకుండా ఉండాల్సింది. ఒక్క ముక్క, మామూలుగా నువ్వు రాసేటట్టు రాయి. వకీలుకు చూపించను.

బెంగ్ హియాన్


పోతావ్ గ్రామం
1985 సెప్టెంబరు 8

తమ్ముడూ,

వానాకాలం అక్కడ ఎక్కువని విన్నాను. పిండి పురుగు పట్టకుండా చూసుకో.

ఈ మధ్య ఇంకొకటి గుర్తొచ్చింది. నీకు ఏడేళ్ళప్పుడు లాంతరు పండుగకు నాన్న మనిద్దరికీ కలిపి ఒకే లాంతరు కొన్నాడు. నువ్వు పట్టుకుంటానని ఏడ్చావు. ఇచ్చాను. చెరుకు తోట మలుపులో దాన్ని తగలబెట్టుకున్నావు. ఇంటికి వచ్చి నేనే తగలబెట్టానని చెప్పాను. దెబ్బలు నాకే పడ్డాయి.

రెండేళ్ళలో ఇంకా ఏడాది ఉంది కదా. ఉత్తరాల విషయంలో తొందరపడి పాడు చేసుకోవద్దు.

రోడ్డు మీద బస్సు నడుస్తోంది. రాయి చెక్కారు. అక్షరాలు బాగా వచ్చాయి.

అక్క


సాంతా బార్బరా
1986 అక్టోబరు 5

లాన్ హుయ్,

అయింది. మనీలాలో ప్రభుత్వం మారడంతో మా తేదీ కొద్దిగా వెనక్కిపోయింది. సెప్టెంబరు ఆఖరి వారం ప్రమాణం చేశాను. కుడి చెయ్యి ఎత్తి, ఇంతకుముందు ఏ దేశానికి చెందానో దానితో సంబంధం పూర్తిగా వదులుకుంటున్నానని అనాలి. ఒక్కో వాక్యం గుమాస్తా చదివితే వెంట అన్నాను. మధ్యలో దగ్గు వచ్చి ఆగాను. ఆయన ఆ వాక్యం మళ్ళీ మొదటి నుంచి చదివాడు.

బయటికొస్తే నోంగ్ తెబాన్ వీపు మీద చరిచి, "ఇప్పటినుంచి నిన్ను ఇన్సిక్ అనను, పన్ను కట్టేవాడా!" అన్నాడు. సాయంత్రానికే మరిచిపోయి మళ్ళీ ఇన్సిక్ అన్నాడు. తిబోంగ్ ఉంటే చూపించేవాణ్ణి. జూన్‌లో పోయాడు. పోయేముందు కాగితం మీద వేలిముద్ర వేసి ఉంచాడు, ప్రమాణం అయ్యాక పెరడు నాకే చెందాలని. కొడుకులు ఏమీ అనలేదు. పెరడు నాదైంది. ఆ రోజు అందులో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కాసేపటికి చలి వేసి లోపలికి వచ్చాను.

ఇక ఎవరూ ఉత్తరాలు అడగరు. నువ్వు ముందులాగే రాయి. అమ్మ రాయి మీద నీ పేరు చోటు ఖాళీగా ఉంచమన్నాను కదా, చెక్కేవాణ్ణి పిలిపించు. మార్చిలో వస్తున్నాను. ఇప్పుడు నేను అక్కడికి రావాలంటే వీసా కావాలి. ఆ కాగితంలో ఎవరిని చూడడానికి, ఏమవుతారు అని ఒక గడి ఉంది. అక్కడ ఆగిపోయాను. "ఏదో ఒకటి రాయి తాతా, వెనక జనం ఉన్నారు" అంది కిటికీలో అమ్మాయి. రాయకుండానే తిరిగొచ్చాను. కోర్టులో ఒకటి చెప్పి ఇక్కడ ఇంకొకటి రాస్తే మళ్ళీ మొదటికొస్తుందేమోనని భయం. రాయకపోతే రాలేను. ఏం రాయమంటావు?

బెంగ్ హియాన్


పోతావ్ గ్రామం
1986 నవంబరు 23

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది. మూడుసార్లు ముందులాగే రాద్దామని మొదలుపెట్టాను. మొదటి మాట దగ్గరే ఆగిపోతోంది. అందుకని చేతికి వచ్చినట్టు రాస్తున్నాను.

ఖాళీగా ఉంచమని నువ్వు రాయలేదు. 1984 ఆగస్టు ఉత్తరం తీసి చూశాను. కోడలి పేరు చెక్కించవద్దు అని మాత్రమే ఉంది. చెక్కేవాడు, ఆడమనిషి ఎవరూ లేరా అని అడిగాడు. లేరంటే నేను పోయాక కొత్త శ్మశానంలో నాకు చోటు ఉండదు. చిన్నాన్న, నేను ఒక రాత్రంతా ఆలోచించాం. కోర్టులో నువ్వు చెప్పిందే ఇక్కడా ఉంటే నీకు ఏ కాగితంతోనూ ఇబ్బంది ఉండదని నేనే అన్నాను. కొడుకు బెంగ్ హియాన్, కూతురు లాన్ హుయ్ అని చెక్కారు. పెద్ద కూతురు అని. ఫోటో మీ సంఘానికి వెళ్ళింది. గోడ మీద ఉండి ఉంటుంది, చూడు.

కోపంతో చేశాననుకోకు. మొదట కొంచెం ఉండేది. నీ భార్యగా నా దగ్గర మూడు నెలల సంగతులే ఉన్నాయి. అవి ఎన్నిసార్లు తలుచుకున్నానో, అరిగిపోయాయి. నీ ముఖం కూడా సరిగా రావడం లేదు. అక్కనయ్యాక నువ్వు పుట్టినప్పటి నుంచీ ఉన్నాయి. వంట చేస్తుంటే ఏదో ఒకటి కొత్తది వస్తుంది. ఈ రెండేళ్ళు ఇంట్లో ఇంకో మనిషి తిరుగుతున్నట్టే ఉంది. ఇప్పుడు మళ్ళీ ఆ మూడు నెలల దగ్గరికి వెళ్ళమంటే నాకు కష్టం.

ఆ గడిలో అక్క అని రాయి. అమ్మ రాయి మీదా అదే ఉంది, కోర్టులోనూ అదే ఉంది. ఎవరూ నిన్ను ఏమీ అడగరు.

మార్చిలో ఇక్కడ ఇంకా చలే, ఉన్ని చొక్కా తెచ్చుకో. బస్సు రాతి వంతెన దగ్గర ఆగుతుంది. అక్కడికి రాలేను, మోకాళ్ళు. ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. వీధి వైపు గది నీకు కడిగించి ఉంచుతాను. నీ చొక్కా ఆ గదిలోనే వంకీకి వేసి ఉంది, ఉతకలేదు.

వచ్చిన రోజు సేమ్యా వండుతాను. నీ గిన్నెలో రెండు గుడ్లు వేస్తాను. రెండూ తినే వెళ్ళు.

అక్క లాన్ హుయ్